బూడిద గుమ్మడి వడియాలు: నాలుగు విడతల ప్రాజెక్టు డైరీ

"ముక్కలు ఉప్పేసి రాత్రంతా మూటకట్టు, పొద్దున్న పప్పు రుబ్బి కలిపి పెట్టెయ్. నాలుగెండలు తగిల్తే చాలు." గుమ్మడి వడియాలు ఎలా పెట్టాలని ఎవరినడిగినా వచ్చే జవాబు ఇదే. ఏళ్ళ తరబడి పెట్టిన చేతికి అది చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు మాత్రం ఆ రెండు వాక్యాల్లోనే మూడు గోతులున్నాయి. మూట మీద ఎంత బరువు పెట్టాలి? ముక్కల్లో ఎంత నీరు మిగలాలి? నాలుగెండలు ఏ నెలవి, ఏ ఊరివి?

ఈ డైరీలో ప్రతి దశనూ తూకం వేసి రాశాను. పనంతా కాకినాడలో, సముద్రపు గాలి తగిలే డాబా మీద, జనవరి మూడో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా జరిగింది. హైదరాబాదు, అనంతపురం లాంటి పొడి ఊళ్ళలో ఎండటానికి ఇంతకంటే తక్కువ రోజులు పడుతుంది. రోజులు మారినా తూకాలు మాత్రం మారవు. అందుకే అన్నీ శాతాల్లో కూడా ఇచ్చాను.

ప్రతి విడతకూ కొలత ఒకటే: తరిగిన గుమ్మడి ముక్కలు 3 కిలోలు, మినప్పప్పు అర కిలో.

పనిముట్లు

1 గ్రాము దాకా చూపించే వంటింటి కాటా. 2 లీటర్ల వెట్ గ్రైండర్ (రెండో విడతలో మిక్సీ వాడాను, ఫలితం కింద ఉంది). కత్తిపీట. మూటకు ఉతికిన పాత పంచె. చిల్లుల గిన్నె, దాని కింద నీళ్ళు పట్టే బేసిన్, పైన ఒక చెక్క పలక. బరువుకు 5 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు. ఆరబెట్టడానికి నవారు మంచం, దాని మీద చాప, చాప మీద నూలు గుడ్డ. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. పైన పాత దోమతెర కడితే కాకులు, ఉడతలు రావు. నూనె వేడి చూడటానికి ఒక థర్మామీటరు.

దశ 0: కాయ, కాలం

కాయ బాగా ముదరాలి. లేత కాయ మీద నూగు ఉంటుంది, చేతికి గుచ్చుకుంటుంది. ముదిరిన కాయకు నూగు రాలిపోయి తెల్లటి బూడిద మందంగా పడుతుంది. వేలితో రాస్తే వేలికి అంటుకుంటుంది. తొడిమ ఎండి ఉండాలి. లేత కాయ ముక్కలు నీరంతా వదిలేసి మెత్తబడి పీచుగా మిగులుతాయి. వడియంలో కొరికితే తగలాల్సిన ముక్క అక్కడ ఉండదు. 4 నుంచి 5 కిలోల కాయ తెస్తే గింజలు, మధ్యలోని దూదిలాంటి గుజ్జు పోగా 3 కిలోల పైచిలుకు ముక్కలొస్తాయి. తొక్క తియ్యకూడదు. బూడిద పోయేలా పీచుతో రుద్ది కడిగి, తొక్కతోనే తరగాలి. ముక్క ఆకారాన్ని నిలబెట్టేది ఆ తొక్కే.

గుమ్మడికాయకు మొదటి దెబ్బ మగవాళ్ళే వెయ్యాలన్న ఆనవాయితీ చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. మా ఇంట్లోనూ అలాగే చేశాం.

సంక్రాంతి దాటాకే ఎందుకు పెడతారంటే, అప్పటికి కాయ ముదురుతుంది, రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి. రుబ్బిన మినప్పిండి వెచ్చటి రాత్రి పులిసిపోతుంది. మొదటి రోజు సాయంత్రానికి వడియం లోపల ఇంకా పచ్చిపిండే ఉంటుంది కాబట్టి, ఆ రాత్రి చల్లగా ఉండటం ముఖ్యం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. ఆ లోపు పిండి పని అయిపోతే నిశ్చింత.

దశ 1: మొదటి విడత (జనవరి 18). మొత్తం పోయింది

చేసింది ఇది:

1. ముక్కలు సుమారు ఒకటిన్నర సెం.మీ. సైజులో తరిగాను.
2. 3 కిలోలకు 60 గ్రా. ఉప్పు, చిటికెడు పసుపు కలిపి మూట కట్టాను.
3. మూట మీద చిన్న పొత్రం పెట్టాను. దాని బరువు 3 కిలోలు. 12 గంటలు ఉంచాను.
4. పప్పును, మూట కింద కారిన ఉప్పునీళ్ళలో 200 మి.లీ. పోసి రుబ్బాను. పారబొయ్యడం ఎందుకని కొందరిళ్ళలో ఇలా చేస్తారు.
5. రుబ్బులో మళ్ళీ 20 గ్రా. ఉప్పు వేశాను.
6. డాబా మీద ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద పెట్టాను.

ముక్కల తూకం 3 కిలోల నుంచి 2.25 కిలోలకే తగ్గింది. అంటే 75 శాతం మిగిలింది. ఆ రోజు ఆ అంకెను పట్టించుకోలేదు. "రాత్రంతా" అన్న మాట నెరవేరింది కదా అని ముందుకు వెళ్ళాను. పిండి, ముక్కలు, మసాలా కలిపాక మొత్తం 3.7 కిలోలు తూగింది. చేత్తో పెడితే నిలబడకుండా పరుచుకుని అట్టు ముక్కల్లా అయింది.

రెండో రోజు పైన పొర కట్టింది. ఎత్తి చూస్తే ప్లాస్టిక్ వైపు చెమట పట్టినట్టు నీరు. ప్లాస్టిక్ తడిని పీల్చదు, కిందికి వదలదు కూడా. వడియం కింది సగం నీటిలో నిలబడినట్టే ఉండిపోయింది. మూడో రోజు పొద్దున్నకు పుల్లటి వాసన, సాయంత్రానికి కింది వైపు గులాబీ రంగు మచ్చలు. మొత్తం పారేశాను.

వాటిలో అంచున ఉన్న 20 చిన్నవి మాత్రం బాగానే ఎండాయి. వాటిని వేయించి చూస్తే నోట పెట్టలేనంత ఉప్పు. కారణం లెక్కలో దొరికింది. ముక్కల్లో మిగిలిన ఉప్పు సుమారు 44 గ్రా., ఉప్పునీళ్ళలో వచ్చింది 3 నుంచి 4 గ్రా., పైన వేసింది 20 గ్రా. మొత్తం 67 గ్రా. 3.7 కిలోల తడి ముద్దలో అది 2 శాతం లోపే. నాలుకకు కాస్త ఉప్పగా ఉంది, అంతే. అదే ముద్ద ఎండితే 700 గ్రాములకు దిగుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం అంతా అక్కడే ఉంటుంది. అప్పుడది దాదాపు 10 శాతం.

దీని నుంచి స్థిరపడ్డ సూత్రం: తడి ముద్ద రుచి చూస్తే ఉప్పు తక్కువైనట్టు అనిపించాలి. సరిపోయిందనిపిస్తే ఎక్కువైనట్టే. ఎండిన వడియంలో 3 నుంచి 4 శాతం ఉప్పు ఉంటే అన్నంలోకి బాగుంటుంది. ఉప్పు ఎక్కువైతే ఇంకో నష్టం కూడా ఉంది. అది గాలిలో తేమను లాగుతుంది కాబట్టి సముద్రం పక్క ఊళ్ళలో డబ్బాలో పెట్టిన వడియం త్వరగా మెత్తబడుతుంది.

మార్చినవి: ముక్క సైజు, మూట బరువు, ఉప్పు, కింద పరిచే బట్ట.

ఇప్పటి దాకా మొత్తం: ముక్కలు 3 కిలోలు, పప్పు అర కిలో, ఉప్పు 80 గ్రా. డబ్బాలోకి చేరిన వడియాలు: సున్నా.

దశ 2: రెండో విడత (జనవరి 27). ఎండాయి, పొంగలేదు

ముక్కలు ఈసారి బఠాణీ గింజంత, సుమారు 8 మి.మీ. కోరితే పని తేలికని అనుకోవద్దు. కోరిన గుమ్మడి మూటలో ముద్దయిపోయి, బయటి పొర అడ్డుపడి లోపలి నీరు కారదు. ఉప్పు 50 గ్రా., పిండిలో అసలు వెయ్యలేదు. మూట మీద పలక పెట్టి రెండు క్యాన్లు, అంటే 10 కిలోలు. 12 గంటల తర్వాత 1.62 కిలోలు, 54 శాతం. పలక లేకుండా క్యాన్లు పెడితే బరువు ఒక్క చోటే పడి మూట పక్కలకు జారుతుంది. పలక ఖర్చు లేని పరికరం, వదలకండి.

కారిన నీళ్ళు పారబొయ్యలేదు, పిండిలోనూ పొయ్యలేదు. మరునాటి మజ్జిగ పులుసులో ఉప్పుకు బదులు పోస్తే చక్కగా సరిపోయాయి.

పప్పు రాత్రంతా, అంటే 10 గంటలు నానింది. రుబ్బింది మిక్సీలో. మిక్సీ తిరగాలంటే నీళ్ళు కావాలి, పోస్తూ పోస్తూ 260 మి.లీ. అయింది. పిండి చేతికి గోరువెచ్చగా తగిలింది. థర్మామీటరు 39 డిగ్రీలు చూపించింది. చూపుకు మెత్తగానే ఉంది.

ఇక్కడే ఒక కొలత పెట్టుకోవాల్సింది. 100 మి.లీ. పట్టే చిన్న గిన్నె నిండా పిండి తీసుకుని తూచితే ఈ పిండి 103 గ్రాములు తూగింది. అంటే నీటికంటే బరువు, లోపల గాలి లేదు. నీళ్ళ గ్లాసులో చుక్క వేస్తే అడుగుకు పోయింది. అప్పటికే ముక్కలు కలిపేశాను కాబట్టి అలాగే పెట్టాను.

నూలు గుడ్డ మీద ఆరు రోజుల్లో బాగా ఎండాయి. 635 గ్రాములు వచ్చాయి. రంగు బాగుంది, వాసన లేదు, ఉప్పు సరిపోయింది. వేయిస్తే మాత్రం రాయి. పైన ఎర్రబడుతుంది, లోపల పంటికి పలుగురాయిలా తగులుతుంది. 3.4 సెం.మీ. వెడల్పున్నది నూనెలో 3.5 అయింది, అంతే.

వడియం అప్పడంలా నూనెలో కొత్తగా ఉబ్బేది కాదు. రుబ్బేటప్పుడు పట్టిన గాలి గదులే ఎండాక కూడా గుల్లగా నిలబడతాయి, వేడి నూనె వాటిలోకి దూరి వేగిస్తుంది. మినప్పప్పులోని మాంసకృత్తులు, జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతాయి. మిక్సీ బ్లేడు పప్పును కోస్తుంది కానీ గిలకొట్టదు. పైగా వేడి చేసి ఆ జిగురు పట్టును పోగొడుతుంది. ఎక్కువ నీళ్ళు పోస్తే పలచబడి గాలి నిలవదు.

మిక్సీ ఒక్కటే ఉన్నవాళ్ళు పిండిని రెండు వాయిలుగా, ఫ్రిజ్ నీళ్ళతో, ఆపి ఆపి తిప్పాలి. తర్వాత వెడల్పు గిన్నెలోకి తీసి చేత్తో ఒకే వైపు పది నిమిషాలు గిలకొట్టాలి. అర గ్లాసు పిండితో విడిగా చేసి చూస్తే 103 నుంచి 81 గ్రాములకు దిగింది. గ్రైండర్ అంత కాకపోయినా పనికొస్తుంది.

ఈ రాళ్ళను పారెయ్యలేదు. వేయించి, మరుగుతున్న చింతపండు పులుసులో వేసి ఐదు నిమిషాలు ఉంచితే పులుసు పీల్చుకుని మెత్తబడతాయి. వడియాల పులుసుకు గుల్ల వడియాల కంటే ఇవే బాగా నిలుస్తాయి, విరిగి కలిసిపోవు.

ఇప్పటి దాకా మొత్తం: ముక్కలు 6 కిలోలు, పప్పు 1 కిలో, ఉప్పు 130 గ్రా. వడియాలు: 635 గ్రా. (పులుసుకు మాత్రమే).

దశ 3: మూడో విడత (ఫిబ్రవరి 5). వేగాయి, డబ్బాలో పాడయ్యాయి

మూట: 10 కిలోల కింద 12 గంటలు అయ్యాక విప్పి, ముక్కల్ని చేత్తో కలియబెట్టి, మళ్ళీ కట్టి రెండు గంటలు. మధ్యలో ఉన్న ముక్కలు అంచుకు వస్తాయి కాబట్టి ఈ రెండు గంటల్లోనే ఇంకో పావు కిలోకి పైగా నీరు దిగింది. మిగిలింది 1.34 కిలోలు, 45 శాతం. ముక్క నొక్కితే చెయ్యి తడవాలి కానీ నీరు కారకూడదు. ఆ స్థితి ఇదే. ఇంతకంటే పిండితే ముక్క పీచవుతుంది. గుప్పెడు ముక్కల్ని విడిగా గట్టిగా పిండి 36 శాతానికి తెచ్చి చూశాను. ఎండాక అవి వడియంలో దారప్పోగుల్లా మిగిలాయి.

పప్పు: పొట్టు తీసిన గుండు (బద్దలు చెయ్యని మినప్పప్పు), మూడున్నర గంటలే నానబెట్టాను. నానాక 1.08 కిలోలు తూగింది. వెట్ గ్రైండర్‌లో 25 నిమిషాలు. చల్లటి నీళ్ళు చెంచాలతో చిలకరిస్తూ మొత్తం 110 మి.లీ. 100 మి.లీ. గిన్నె తూకం 72 గ్రాములు. చుక్క నీటి మీద తేలింది. రెండు నిమిషాలైనా చెదరలేదు. పచ్చిమిర్చి, అల్లం ముద్ద 140 గ్రా., జీలకర్ర 15 గ్రా., ఇంగువ 3 గ్రా.

ముద్ద 2.64 కిలోలు. ఒక్కో వడియం 28 గ్రాములు, పెద్ద నిమ్మకాయంత. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. తప్పు అక్కడే మొదలైంది.

రెండో రోజు మధ్యాహ్నం తిరగేశాను. గుడ్డను వడియాలతో సహా బోర్లించి, వెనక నీళ్ళు చిలకరించి, రెండు నిమిషాలాగి గుడ్డను లాగితే ఒక్కటీ విరగకుండా వచ్చేశాయి. పొడిగా లాగితే అడుగు గుడ్డకే ఉండిపోతుంది. ఈ పని మధ్యాహ్నమే చెయ్యాలి, సాయంత్రం చేస్తే చిలకరించిన తడి ఆరే లోపు మంచు పడుతుంది.

నాలుగో రోజు సాయంత్రానికి గలగలలాడాయి. పై పెంకు గోటికి లొంగలేదు. రెండు వేయిస్తే చక్కగా వేగాయి. 730 గ్రాములు స్టీలు డబ్బాలో పోసి మూతపెట్టాను.

డబ్బాలో పెట్టిన పన్నెండో రోజు మూత తీస్తే ముక్కిన వాసన. అడుగు వైపు ఉన్నవాటికి తెల్లని, ఆకుపచ్చని బూజు. విరిచి చూస్తే లోపల ముక్కలు మెత్తగా ఉన్నాయి. పెంకు ఎండింది కానీ గుండె ఎండలేదు. డబ్బాలో పెట్టాక లోపలి తడి నెమ్మదిగా పెంకుకు వచ్చి, గాలి ఆడక అక్కడే నిలిచింది. చప్పుడు పెంకు సంగతి చెబుతుంది, లోపలి సంగతి చెప్పదు.

లెక్క చూస్తే ఆ రోజే తెలిసేది: 2.64 కిలోలు 730 గ్రాములైతే ఇంకా 27.7 శాతం. ఈ కొలతల ముద్ద పూర్తిగా ఎండితే 23 నుంచి 24 శాతానికి దిగాలి. అంటే అర పావుకు దగ్గరగా నీరు డబ్బాలోకి వెళ్ళింది.

బూజు పట్టినవి, వాటికి ఆనుకున్నవి 190 గ్రాములు పారేశాను. బూజు దులిపి ఎండబెట్టి వాడే అలవాటు కొన్నిళ్ళలో ఉంది. దయచేసి ఆ పని చెయ్యకండి. కొన్ని బూజులు వదిలే విషం ఎండకూ పోదు, వేడి నూనెకూ పోదు. శుభ్రంగా ఉన్న 540 గ్రాములను ఒక్కొక్కటి చూసి మళ్ళీ రెండెండలు పెడితే 460 గ్రాముల దగ్గర ఆగాయి.

మార్చినవి: వడియం సైజు 28 నుంచి 20 గ్రాములకు. రోజుల లెక్క వదిలేసి తూకం లెక్క. ఎండేదాకా ఆగి, ఎండాక కూడా ఒక రోజు ఎక్కువ.

ఇప్పటి దాకా మొత్తం: ముక్కలు 9 కిలోలు, పప్పు 1.5 కిలోలు, ఉప్పు 180 గ్రా. వడియాలు: 1,095 గ్రా.

దశ 4: నాలుగో విడత (ఫిబ్రవరి 24). ఇదే ఖాయం చేసిన పద్ధతి

ముందు రోజు సాయంత్రం:

1. కాయ కడిగి, గింజలు, గుజ్జు తీసి, తొక్కతో 8 మి.మీ. ముక్కలు. 3 కిలోలు తూచాలి.
2. ఉప్పు 50 గ్రా., పసుపు 3 గ్రా. కలిపి అర గంట గిన్నెలోనే ఉంచాలి. ముందు నీరు వదిలాక కడితే మూట చిన్నదవుతుంది.
3. పంచెలో కట్టి, పలక, 10 కిలోల బరువు. సాయంత్రం 4 నుంచి తెల్లవారి 4 దాకా.

పెట్టే రోజు:

4. రాత్రి ఒంటిగంటకు పప్పు అర కిలో నానెయ్యాలి. లేవలేనివాళ్ళు పడుకునేముందు నానేసి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. చల్లటి పప్పు రుబ్బడానికి ఇంకా మంచిది.
5. 4 గంటలకు మూట విప్పి కలియబెట్టి, మళ్ళీ కట్టి రెండు గంటలు.
6. నాలుగున్నరకు పప్పు వార్చి, 20 నుంచి 25 నిమిషాలు రుబ్బాలి. నీళ్ళు 120 మి.లీ. దాటకూడదు. 100 మి.లీ. తూకం 75 గ్రాముల లోపు వచ్చేదాకా తిప్పాలి.
7. ముక్కలు తూచాలి. 1.35 కిలోలు (45 శాతం) దాటితే ఇంకా పిండాలి.
8. మిర్చి, అల్లం ముద్ద 140 గ్రా., జీలకర్ర 15 గ్రా., ఇంగువ 3 గ్రా. పిండిలో కలిపి, చివర్లో ముక్కలు. అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపాలి, పిసక్కూడదు.
9. కలిపిన 40 నిమిషాల్లో పెట్టడం అయిపోవాలి. ముక్కలు ఊరుకోవు, పిండిలోకి మళ్ళీ నీరు వదులుతాయి. గిన్నెలో గంట ఉంచిన చివరి పిడికెడు జారిపోయింది. ఇద్దరు కూర్చుని పెట్టే పని ఇది, ఒక్కరే అయితే ముక్కల్ని సగం సగం కలుపుకోండి.
10. 7 గంటలకు గుడ్డ మీద. ఒక్కోటి 20 గ్రాములు. మొదటి ఐదు తూచి పెడితే చేతికి అంచనా వస్తుంది. మధ్యలో వేలితో కొద్దిగా నొక్కితే గుండె పలచబడి త్వరగా ఎండుతుంది.

ముద్ద 2.66 కిలోలు, వడియాలు 133.

వాటిలో సరిగ్గా 20 వడియాల్ని ఒక పళ్ళెంలో గుడ్డ వేసి విడిగా పెట్టాను. ఇది తూకం పళ్ళెం. మొత్తం మంచాన్ని రోజూ తూచలేం కాబట్టి దీన్ని తూచాలి. రోజూ సాయంత్రం నాలుగున్నరకు లోపలికి తెచ్చేటప్పుడు (గుడ్డ, పళ్ళెం బరువు తీసేసి):

పెట్టినప్పుడు: 400 గ్రా.
1వ రోజు: 286
2వ రోజు, తిరగేశాక: 203
3వ రోజు: 144
4వ రోజు: 112
5వ రోజు: 100
6వ రోజు: 95
7వ రోజు: 94

నాలుగో రోజు 112, అంటే 28 శాతం. మూడో విడతను డబ్బాలో పోసింది దాదాపు ఇక్కడే. అప్పుడూ గలగలలాడాయి, ఇప్పుడూ గలగలలాడాయి. ఆ తర్వాతి రెండు మూడు ఎండలు పైకి ఏ మార్పూ చూపించవు. కాటా ఒక్కటే చూపిస్తుంది. వరసగా రెండు సాయంత్రాలు తూకం ఒకటి రెండు గ్రాముల తేడాలోకి వస్తే అప్పుడు ఆపాలి.

సాయంత్రం నాలుగున్నరకే లోపలికి ఎందుకంటే, ఇక్కడ ఆ వేళకు సముద్రపు గాలి తేమగా మళ్ళుతుంది. మూడో రోజు పళ్ళెం ఒక్కదాన్ని కావాలని ఆరున్నర దాకా బయట ఉంచితే 144 నుంచి 147కు పెరిగింది. మొదటి రాత్రి మాత్రం లోపలికి తెచ్చాక ఫ్యాను కింద పెట్టాలి, మూత వెయ్యకూడదు.

చివరి తూకం 620 గ్రా. ముక్కల్లో మిగిలిన ఉప్పు లెక్క 22 గ్రా., అంటే మూడున్నర శాతం. రుచికి అదే సరిపోయింది.

ఇప్పటి దాకా మొత్తం: ముక్కలు 12 కిలోలు, పప్పు 2 కిలోలు, ఉప్పు 230 గ్రా. వడియాలు: 1,715 గ్రా. (అందులో పులుసువి 635).

పక్క ప్రయోగం: ఓవెన్

మబ్బు పట్టినప్పుడు, ఇంకా డాబా లేనివాళ్ళు, అమెరికాలోనో లండన్‌లోనో చలిలో ఉన్నవాళ్ళు చేసుకోవడానికి పనికొస్తుందని నాలుగో విడత ముద్దలో 20 వడియాలు ఓవెన్‌లో పెట్టాను. 65 డిగ్రీలు (సెల్సియస్), తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టి ఆవిరి పోయేలా. ఏడేసి గంటలు రెండు సార్లు, మధ్యలో తిరగేసి. 400 గ్రాములు 95కు వచ్చాయి. గుల్లదనం ఎండవాటితో సమానం, రంగు కాస్త మందం. 90 డిగ్రీలు పెట్టి చూసిన నాలుగు మాత్రం పైన ఉడికి పెంకు కట్టాయి, లోపల తడి చిక్కుకుపోయింది. వేడి పెంచి సమయం తగ్గించే దారి ఇందులో లేదు.

దశ 5: వేయించడం

1. వేయించే ముందు అర గంట ఎండలో, లేదా వేడి బాణలిలో నూనె లేకుండా రెండు నిమిషాలు.
2. నూనె 165 నుంచి 170 డిగ్రీలు. థర్మామీటరు లేకపోతే, జీలకర్ర గింజ వేస్తే చిటపటలాడి వెంటనే పైకి రావాలి కానీ నల్లబడకూడదు.
3. ఒక్కో వాయికి ఎనిమిది, తొమ్మిది. ఎక్కువ వేస్తే నూనె చల్లారి వడియం నూనె తాగుతుంది.
4. మంట మధ్యస్థం నుంచి సన్నం. నిమిషం, నిమిషంన్నర. నురగ తగ్గగానే, లేత గోధుమ రంగులో ఉండగానే తియ్యాలి. బయటికొచ్చాక కూడా రంగు ముదురుతుంది.

50 గ్రాములు వేయిస్తే 170 డిగ్రీల దగ్గర 60 గ్రాములయ్యాయి. 140 దగ్గర 67, పట్టుకుంటే వేళ్ళకు నూనె. 195 దగ్గర 40 సెకన్లలోనే నల్లబడ్డాయి, ముక్క మాత్రం పచ్చిగా ఉంది. రెండో విడత రాళ్ళకు ఏ వేడీ పనిచెయ్యలేదు. గాలి లేని పిండిని నూనె బాగుచెయ్యలేదు.

ముద్దపప్పు, నెయ్యి, పక్కన ఈ వడియం నలిపి కలుపుకుంటే ముందు గుల్లగా విరిగి, తర్వాత గుమ్మడి ముక్క కొద్దిగా సాగుతూ తగలాలి. ఆ సాగుడు కోసమే ముక్కను 45 శాతం దగ్గర ఆపింది.

డబ్బా తనిఖీ

నాలుగో విడతను గాజు జాడీలో, మూత కింద పొడి గుడ్డ చుట్టి పెట్టాను. మార్చి 31కి దాదాపు 30 రోజులైంది. తూకం 620 నుంచి వేయించుకున్న 150 పోగా 470 ఉండాలి. 473 ఉన్నాయి. ఆ మూడు గ్రాములు మూత తీసినప్పుడల్లా తగిలిన గాలి తేమ. వాసన లేదు, మూడింటిని విరిచి చూస్తే లోపల ముక్క గట్టిగా, పొడిగా ఉంది. నెలకొక ఎండ చూపించడానికి ఏప్రిల్ మొదటి ఆదివారం మంచం మళ్ళీ డాబా ఎక్కుతుంది. చిన్న జాడీలోకి వారానికి సరిపడా తీసుకుని పెద్ద జాడీ మూతను ముట్టుకోకుండా ఉంచడం ఆ రోజు నుంచే మొదలు.